డ్యాష్‌బోర్డ్‌లో మా ఊరికి సున్నా చూపిస్తోంది. నిజంగానే ఎవరూ రాయలేదా?

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నారు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను గురించి మీడియాలో ఏం వచ్చిందో చూసి రిపోర్టు రాయమన్నారు. జీడెల్ట్ డేటా మీద కట్టిన ఒక డ్యాష్‌బోర్డ్ చేతికిచ్చారు. అందులో ఆంధ్ర వైపు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న పలాస పేరు కొడితే గీత కొండలా లేచింది. మీ ఊరి పేరు కొడితే నేలకు అంటుకుపోయింది, చాలా రోజులకు సున్నానే. "సరిహద్దుకు ఇవతల ఉన్న మమ్మల్ని మీడియా పట్టించుకోలేదని రిపోర్టులో రాసేయొచ్చా?" అని అడిగారు.

ఇప్పుడే రాయకండి. మీ అనుమానం నిజం కావచ్చు, కానీ ఆ గీత దానికి సాక్ష్యం కాదు. నేను బరంపురంలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను. పేపర్లు కత్తిరించి ఫైళ్లలో అతికించిన రోజుల నుంచి ఇప్పుడు తెర మీద ఫిల్టర్లు మార్చే రోజుల దాకా చూశాను. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది సున్నా. సున్నా అంటే ఎవరూ రాయలేదని కావచ్చు. రాశారు కానీ యంత్రం లెక్కలోకి రాలేదని కూడా కావచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన సరిహద్దు జిల్లాల్లో ఎక్కువసార్లు జరిగేది రెండోది.

మొదట ఆ డేటా ఎక్కడిదో చూద్దాం. జీడెల్ట్ ప్రపంచమంతటా వెబ్‌లో వచ్చే వార్తలను పోగుచేస్తుంది. పదిహేను నిమిషాలకోసారి కొత్త డేటా చేరుతుంది. 2015 ఫిబ్రవరిలో వచ్చిన రెండో రూపం నుంచి 65 భాషల వార్తలను అప్పటికప్పుడు యంత్రంతో ఇంగ్లిష్‌లోకి మార్చి, ఆ ఇంగ్లిష్ మీదే ఊళ్ల పేర్లు, విషయాలు, భావం లెక్కకడుతుంది. ఆ 65లో తెలుగు ఉంది, హిందీ ఉంది, బెంగాలీ ఉంది, మరాఠీ ఉంది. ఒడియా లేదు.

ఈ ఒక్క మాట దగ్గర కాస్త ఆగండి. మీ గజపతి జిల్లాలో తుఫాను గురించి ఎక్కువ రాసేది ఏ భాషలో? ఒడియాలో. మీరు వెతుకుతున్న వార్తల్లో పెద్ద భాగం ఆ వలలో పడే అవకాశమే లేదు. పలాస తెలుగు ఊరు, తెలుగు వార్తలు వలలో పడతాయి. పైగా తుఫాను పలాస దగ్గరే తీరం దాటిందని వాతావరణ శాఖ చెప్పింది. ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లు కూడా ఆ మాట తీసుకున్నారు కాబట్టి చాలా ఇంగ్లిష్ వార్తల్లో పలాస పేరు ఉంటుంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శ్రీకాకుళం జిల్లాలోనే మకాం వేసి సహాయ పనులు చూశారు. ముఖ్యమంత్రి ఎక్కడుంటే కెమెరాలు అక్కడుంటాయి. కాబట్టి పలాస గీతలో నష్టం ఉంది, భాష ఉంది, తీరం దాటిన చోటు అనే పేరు ఉంది, ముఖ్యమంత్రి పర్యటన ఉంది. వీటిని విడదీయకుండా మీ ఊరి గీతతో పక్కపక్కన పెడితే ఆ పోలిక నిలబడదు.

ఇక పేర్లు. సరిహద్దులో పనిచేసేవాళ్లకు అసలు తలనొప్పి ఇదే.

మీ ఊరినే తీసుకోండి. తెలుగులో పర్లాకిమిడి, పర్లాఖిమిడి, పర్లాకిమెడి అని రాస్తారు, మాటల్లో పర్లా అనేస్తారు. ఒడిశా ప్రభుత్వ కాగితాల్లో పారలాఖెముండి. ఇంగ్లిష్‌లోనూ ఇవన్నీ ఉన్నాయి, మధ్యలో ఒక అక్షరం తగ్గించి రాసేవాళ్లు వేరే. మీరు ఒక్క స్పెల్లింగ్‌తో వెతికితే ఒక్క కిటికీలోంచి చూసినట్టే. అన్నిటినీ 'లేదా' పెట్టి ఒకే ప్రశ్నగా కట్టండి. ఊరి పేరుతో ఆగిపోకండి. గోసాని, గుమ్మ, కాశీనగర్, మోహన, నువాగడ, ఆర్.ఉదయగిరి అని బ్లాకుల పేర్లు చేర్చండి. వంశధార, మహేంద్రతనయ అని నదుల పేర్లూ చేర్చండి. వరద వార్తలు రాసేవాళ్లు చాలాసార్లు ఊరి పేరు బదులు నది పేరుతోనే మొదలుపెడతారు.

మీ జిల్లాలో ఏడో బ్లాకు పేరు రాయగడ అని మీకు తెలుసు, డ్యాష్‌బోర్డ్‌కు తెలియదు. ఒడిశాలోనే రాయగడ పేరుతో వేరే జిల్లా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్ ఉంది, మహారాష్ట్రలో రాయ్‌గడ్ ఉంది. తిత్లీ సమయంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయిన బరఘరా గ్రామం మీ రాయగడ బ్లాకులోదే. ఆ వార్తను యంత్రం రాయగడ జిల్లా ఖాతాలో వేసి ఉంటే, మీ జిల్లా నష్టం మ్యాప్ మీద పక్క జిల్లాలో చుక్కగా కనిపిస్తుంది. అందుకే మ్యాప్‌లో రాయగడ చుక్క మీద నొక్కి, కింద ఉన్న వార్తలు ఒక్కొక్కటిగా తెరవండి. మీ జిల్లావి ఎన్ని అక్కడ కూర్చున్నాయో చూడండి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. మనది కానిది మన లెక్కలో పడటం. జిల్లా పేరు అదే కదా అని 'గజపతి' అని వెతికి చూడండి. గజపతినగరం వస్తుంది, అది విజయనగరం జిల్లాలోది. అశోక్ గజపతిరాజు గారు వస్తారు. ఆయన 2014 నుంచి 2018 మార్చి దాకా కేంద్ర విమానయాన మంత్రి, 2025 జులైలో గోవా గవర్నర్‌గా నియమితులయ్యారు. ఆ నెలలో గీత లేస్తే మీ జిల్లాలో ఏదో జరిగిందని కాదు. ఏటా రథయాత్రకు ఇంకోసారి లేస్తుంది, ఎందుకంటే పూరీలో రథం మీద బంగారు చీపురుతో ఊడ్చే సేవ చేసేది గజపతి మహారాజు. ఈ పేర్లన్నిటినీ మైనస్ పెట్టి తీసేస్తే గానీ జిల్లా మిగలదు.

మా బరంపురానిదీ అదే కథ. పశ్చిమ బెంగాల్ ముర్షీదాబాద్ జిల్లాలో బహరంపూర్ ఉంది, ఇంగ్లిష్‌లో రెండింటికీ దాదాపు ఒకే స్పెల్లింగ్. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఈ రెండు నియోజకవర్గాలకూ పోలింగ్ జరిగింది ఒకే రోజు, మే 13. బెంగాల్ బహరంపూర్‌లో క్రికెటర్ యూసుఫ్ పఠాన్ పోటీ చేసి కాంగ్రెస్ నేత అధీర్ రంజన్ చౌధురిని ఓడించారు. దేశమంతా దాని గురించే రాసింది. ఆ మే, జూన్ నెలల్లో బరంపురం గీత ఆకాశానికి లేచింది చూసి, మా ఊరికి ఇంత ప్రాధాన్యం వచ్చిందా అని ఒక కుర్రాడు నాకు స్క్రీన్‌షాట్ పంపాడు. శిఖరం మీద నొక్కి మొదటి పది వార్తలు చదవమన్నాను. అరగంటలో వాడే ఫోన్ చేశాడు, "అన్నా, ఇవన్నీ పఠాన్ వార్తలే" అని. ఏ శిఖరం కనిపించినా దాని కింద కనీసం పది, వీలైతే ఇరవై వార్తలు తెరిచి చదవండి. ఏ డ్యాష్‌బోర్డ్‌లోనైనా నేను మొదట వెతికేది అంకెల నుంచి అసలు వార్తకు దిగే దారి ఉందా అనే. అది లేని డ్యాష్‌బోర్డ్‌తో నేను పని చేయను.

ఇప్పుడు తేదీలు. తిత్లీ తీరం దాటింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, నాలుగున్నర, ఐదున్నర మధ్య. జీడెల్ట్ గడియారం మన గడియారం కాదు, గ్రీన్విచ్ సమయం. మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటాం. అంటే తుఫాను తీరం దాటిన ఆ గంట వాళ్ల లెక్కలో ఇంకా అక్టోబరు 10. ఆ సమయంలో పడిన మొదటి వార్తలన్నీ ముందురోజు ఖాతాలోకి వెళ్తాయి. మీరు 11 నుంచి ఫిల్టర్ పెట్టుకుంటే మొదటి తెల్లవారుజామును మీరే కత్తిరించేసినట్టు. 8 నుంచి నెలాఖరు దాకా పెట్టండి. బరఘరా వార్త వెంటనే బయటికి రాలేదని గుర్తుంచుకోండి. రోడ్లు తెగిపోయి, కరెంటు, ఫోన్లు లేని కొండ ఊరి వార్త తుఫాను రోజున రాదు, నెమ్మదిగా దిగి వస్తుంది. మీ జిల్లా గీత పలాస గీతలా ఒక్కసారిగా లేచి పడిపోదు. ఆలస్యంగా మొదలై చిన్నగా సాగుతుంది. ఆ ఆకారం కనిపిస్తే అదే మీ రిపోర్టులో రాయదగ్గ సంగతి.

నిలువు గీత మీద అంకెలు దేన్ని చూపిస్తున్నాయో కూడా చూసుకోండి. జీడెల్ట్ మామూలుగా ఇచ్చేది వార్తల సంఖ్య కాదు, శాతం. ఆ రోజు మొత్తం వార్తల్లో మీ మాట ఉన్నవి ఎంత శాతమని. బడిలో చెప్పిన లవం, హారం గుర్తు తెచ్చుకోండి. లవం మారకపోయినా హారం పెరిగితే శాతం పడిపోతుంది. ఆ అక్టోబరులో హారంలో ఏమున్నాయి? 6న తెలంగాణ అసెంబ్లీ ముందస్తు ఎన్నికల షెడ్యూలు వచ్చింది, తెలుగు మీడియా అంతా అటు తిరిగింది. దేశంలో మీటూ ఆరోపణల వెల్లువ. 17న శబరిమల ఆలయం తెరుచుకుంది, అదే రోజు కేంద్ర సహాయ మంత్రి ఎం.జె.అక్బర్ రాజీనామా చేశారు. అదే వారంలో దసరా. 17, 18 తేదీల్లో తుఫాను శాతం పడిపోతే తుఫాను గురించి రాయడం మానేశారనుకోవద్దు. ఒకసారి శాతంలో, ఒకసారి సంఖ్యలో చూడండి. రెండూ కలిసి పడితేనే వార్తలు తగ్గినట్టు.

పత్రికలకు పండగ సెలవులు ఉంటాయి, మరునాడు పేపరు రాదు. ఇటు ఒడిశాలో రజ పండగ, అటు ఆంధ్రలో సంక్రాంతి. రెండు రాష్ట్రాల సెలవులు ఒకటి కావు. రోజువారీ గీతలో గుంతలు కనిపిస్తే ముందు క్యాలెండరు చూడండి. ఏడు రోజుల సగటు గీత పెట్టుకుంటే ఈ గుంతలు సర్దుకుంటాయి, కానీ తుఫాను లాంటి దానికి సగటు వద్దు, శిఖరం అణిగిపోతుంది.

ఒకే వార్తా ఏజెన్సీ ఇచ్చిన వార్తను నలభై సైట్లు వేసుకుంటే నలభైగా పడుతుంది. పలాసకు ఇది ఎక్కువ జరిగి ఉంటుంది. శీర్షికలను అక్షర క్రమంలో పెట్టి చూస్తే ఒకేలా ఉన్నవి వరుసగా కనిపిస్తాయి. రిపోర్టులో ఆ నకళ్లతో కలిపి ఒక లెక్క, అవి తీసేసి ఒక లెక్క, రెండూ ఇవ్వండి.

మీ డ్యాష్‌బోర్డ్‌లో 'టోన్' అని ఒక రంగుల పట్టీ ఉంటుంది, ఎరుపైతే చెడు, పచ్చ అయితే మంచి. అనువాదమైన వార్తలో మంచి మాటల శాతం లోంచి చెడు మాటల శాతం తీసేస్తే వచ్చే అంకె అది. తుఫాను వార్తల్లో ఎలాగూ అన్నీ ఎరుపే. 'సహాయం అందలేదు' అనే వార్తకూ, 'సహాయం అందింది, కష్టాలు తీరాయి' అనే వార్తకూ అందులో తేడా తెలుస్తుందని నేను నమ్మను. ఆ పట్టీని రిపోర్టులో పెట్టకండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను పనిచేసే చోట కీవర్డ్‌లతో వార్తలు పట్టే సాఫ్ట్‌వేర్ ఉండేది. రెండో వారానికి గంజాం లోపలి ఊళ్ల గురించి వార్తలు ఆగిపోయాయని నేనొక స్లైడ్ చేశాను. సహాయం పంచే ఒక సంస్థ మీటింగులో దాన్ని చూపించారు. మీటింగు అయ్యాక ఒక స్థానిక విలేఖరి నా దగ్గరికి వచ్చి గుడ్డ సంచీ లోంచి కటింగులు తీసి బల్ల మీద పరిచారు. అన్నీ జిల్లా పేజీలవి. తాగునీళ్లు లేవని, గుడిసెల మీద టార్పాలిన్లు లేవని, జీడితోటలు పోయాయని ఊరి పేర్లతో సహా ఉన్నాయి. ఆ మూడు వారాలూ ఆయన రోజూ రాశారు. జిల్లా పేజీలు ఈ-పేపర్‌లో బొమ్మలుగా ఉంటాయి, అక్షరాలుగా ఉండవు. యంత్రం బొమ్మను చదవలేదు. ఆయన ఏమీ కోపంగా మాట్లాడలేదు, "ఇవి మీకు కనబడలేదా బాబూ?" అని మాత్రం అడిగారు. ఆ బల్ల మీద పరిచిన కటింగులు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

అప్పటి నుంచి నేను ఏ డ్యాష్‌బోర్డ్ చేతికొచ్చినా ముందు ఒక పరీక్ష పెడతాను. మీరూ పెట్టండి. తిత్లీ సమయంలో మీ జిల్లా గురించి కచ్చితంగా అచ్చయిన పది వార్తలు సంపాదించండి. కాలేజీ లైబ్రరీలో పాత ఫైళ్లు ఉంటాయి. పేపర్ ఏజెంట్లు, స్థానిక విలేఖరులు కటింగులు దాచుకుంటారు. తెలుగువి నాలుగు, ఒడియావి నాలుగు, ఇంగ్లిష్‌వి రెండు తీసుకోండి. ఇప్పుడు ఆ పదింటినీ డ్యాష్‌బోర్డ్‌లో ఒక్కొక్కటిగా వెతకండి. పదిలో రెండే దొరికాయనుకోండి, ఆ వల కన్నాలు ఎంత పెద్దవో మీకు తెలిసిపోయింది. ఆ రెండు ఏ భాషవో చూస్తే ఎవరి గొంతు వినబడుతోందో కూడా తెలుస్తుంది. ఈ పరీక్షకు రెండు రోజులు పడుతుంది. మీ రిపోర్టులో ఏ గ్రాఫ్ కన్నా ఈ పది వరుసల పట్టికే విలువైనది.

ఆ తర్వాత సొంతంగా ఒక చిన్న షీట్ మొదలుపెట్టండి. తేదీ, పత్రిక, భాష, ఏ పేజీ, ఊరు, బ్లాకు, విషయం, లింకు లేదా కటింగు ఫొటో. అంతే. ఊరి పేరు పేపర్లో ఎలా ఉంటే అలా ఒక గడిలో, మీరు స్థిరపరచుకున్న ఒకే స్పెల్లింగ్ పక్క గడిలో రాయండి. రెండు వందల వరుసలు చేరాక లెక్కలను గ్రాఫులుగా చూపే గూగుల్ సాధనం లుకర్ స్టూడియోకు కలిపితే ఉచితంగానే మీ సొంత డ్యాష్‌బోర్డ్ వస్తుంది. బ్లాకు మీద నొక్కితే కింద కటింగు ఫొటో కనిపించేలా పెట్టుకోవచ్చు.

ఆ షీట్‌లో తెలుగు అక్షరాలతో వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. మన పేర్లకు విభక్తి తగిలితే రూపం మారుతుంది. 'బరంపురం' అని వెతికితే 'బరంపురంలో' దొరుకుతుంది కానీ 'బరంపురానికి' దొరకదు, కాబట్టి 'బరంపుర' దగ్గరే ఆపి వెతకండి. రెండోది కంటికి కనబడదు. 'బరంపూర్‌లో' అని రాసినప్పుడు ర్ తర్వాత అక్షరాలు అతుక్కోకుండా ఒక కనబడని గుర్తు ఉంటుంది. అది పెట్టకుండా టైపు చేస్తే 'బరంపూర్లో' అవుతుంది. మనకు రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేర్వేరు మాటలు. డీటీపీ వాళ్ల దగ్గర్నుంచి అను ఫాంట్లలో ఉన్న ఫైలు వస్తే అది యూనికోడ్ కాదు, షీట్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు పడతాయి. ముందు కన్వర్టర్‌లో మార్చుకోవాలి.

గూగుల్ ట్రెండ్స్ కూడా వాడొచ్చా అని చివర్లో అడిగారు. వాడండి, కానీ అది మీడియా రాసింది కాదు, జనం వెతికింది. 0 నుంచి 100 దాకా అంకెలు పోలిక కోసమే, అన్ని వెతుకులాటలు జరిగాయని కాదు. వెతికినవాళ్లు తక్కువైతే అక్కడా సున్నానే వేస్తుంది. కరెంటు పోయిన జిల్లాలో గూగుల్‌లో వెతికేదెవరు? పైగా హిందీలో తిత్లీ అంటే సీతాకోకచిలుక, ఆ వెతుకులాటలన్నీ కలిసిపోతాయి. మాటగా కాకుండా తుఫాను 'టాపిక్'గా ఎంచుకోగలిగితేనే చూడండి. గ్రాఫ్‌లో 2022 జనవరి దగ్గర డేటా సేకరణ పద్ధతి మారిందని ఒక గమనిక ఉంటుంది, ఆ తేదీకి అటూ ఇటూ పోల్చకండి.

ఇలాంటి అతుకులు అన్నిచోట్లా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న సాలూరు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. సాలూరు వైపున, ఆంధ్ర, ఒడిశా రెండూ తమవే అంటున్న కొటియా గ్రామాల వివాదం మీద జిల్లాల వారీగా గీత గీస్తే, ఆ రోజున విజయనగరం వార్తలు మాయమైనట్టు కనిపిస్తాయి. యూట్యూబ్ 2025 మార్చి 31 నుంచి షార్ట్స్ మొదలైన ప్రతిసారీ ఒక వ్యూగా లెక్కిస్తోంది, ఎన్ని సెకన్లు చూశారన్నది పట్టించుకోదు. ఆ రోజు నుంచి అందరి వ్యూలూ పెరిగాయి. మీ సంస్థ వీడియోల గ్రాఫ్ కూడా రిపోర్టులో పెడుతున్నారంటే అక్కడ ఒక నిలువు గీత గీసి కారణం రాయండి.

ఇక మీ అసలు ప్రశ్నకు. ఇవన్నీ చేశాక కూడా పర్లాకిమిడి గీత చిన్నదిగానే ఉంటే, ఇలా రాయొచ్చు: "ఈ డ్యాష్‌బోర్డ్ ఒడియా వార్తలను లెక్కించదు. అది లెక్కించిన తెలుగు, ఇంగ్లిష్ వెబ్ వార్తల్లో గజపతి జిల్లా ప్రస్తావన పలాస కన్నా తక్కువ. మేము సేకరించిన అచ్చు వార్తల్లో మాత్రం ఫలానా బ్లాకుల గురించి ఇన్ని వచ్చాయి." మీ సంస్థ వాళ్లకు ఇది పనికొస్తుంది. ఎందుకంటే ఇంగ్లిష్ వార్తలు చూసి నిధులు ఇచ్చేవాళ్లకు ఏ బ్లాకు కనబడలేదో ఇందులో తెలుస్తుంది. షీట్‌లో ఒక బ్లాకు పేరు ఎదురుగా మూడు భాషల్లోనూ సున్నా ఉండిపోతే, అప్పుడు ఆ బ్లాకుకు వెళ్లి ఎవరినైనా అడగండి, ఆ వారం అక్కడికి విలేఖరి ఎవరైనా వచ్చారా అని.

పది వార్తల పరీక్ష అయ్యాక ఎన్ని దొరికాయో ఇక్కడే రాయండి. ఒడియా కటింగులు చదవడంలో ఇబ్బంది ఉంటే ఫొటోలు పెట్టండి, నేను చదివి చెబుతాను.